నాలుగంగుళాల కాగితం

తెనాలి స్టేషను,
2-2-1994, బుధవారం,
మధ్యాహ్నం రెండు గంటలు.

నాన్నకు,

మీ కూతురు ప్రేమకుమారి ప్రభువు పేరట వందనాలు చేసి రాయునది. ఇక్కడ అమ్మా నేనూ, గేదే దూడా దేవుని దయవల్ల క్షేమం. అక్కడ మీరూ మార్కు అన్నయ్యా లలిత వదినా క్షేమమని తలుస్తాను. ఈ మాటలు లేకపోతే అది ఉత్తరమే కాదని మీరంటారు కాబట్టి రాశాను. అందరం క్షేమమన్నది ఇవాళ్టికి నిజమే. వచ్చే ఆదివారం సాయంత్రానికి కూడా నిజంగానే ఉండాలని ఈ ఉత్తరం.

ఈ కవరులో చిన్న పొట్లం ఒకటి ఉంది. చివరిదాకా చదవకుండా దాన్ని విప్పకండి. పోస్టులో వేస్తే ఎప్పటికి అందుతుందోనని పూర్ణచంద్రరావు గారి చేతికి ఇస్తున్నాను. అన్నయ్యతో చదువుకున్నాయన, ఇప్పుడు ఇక్కడ ఆర్.ఎం.ఎస్.లో, అదే రైలు తపాలాలో, పని. ఇవాళ నాలుగున్నర మెయిలులో విశాఖపట్నం దాకా ఆయన డ్యూటీ. రేపు దిగగానే మీ చేతికే ఇస్తానన్నారు. టెలిగ్రాం ఇద్దామనుకున్నాను గానీ, టెలిగ్రాం చూస్తే వదిన విప్పకముందే ఏడుపు అందుకుంటుంది. అన్నయ్య ఆఫీసుకు రెండుసార్లు ఫోను చేస్తే ఎత్తిన నాథుడు లేడు. అయినా నేను చెప్పాల్సింది ఫోనులో చెప్పేది కాదు.

అసలు సంగతి ముందే రాసేస్తున్నాను. ఆదివారం, డెబ్భై అయిదేళ్ల జూబిలీ రోజు, మన గుడిగంట మోగకూడదు. డెబ్భై అయిదు దెబ్బలు కాదు, ఒక్క దెబ్బ కూడా. మీరు శనివారం బండెక్కకూడదు. రేపే మన సంఘపెద్ద బర్నబాస్ మాస్టారి పేరున మీరు ఒక టెలిగ్రాం ఇవ్వాలి. అందులో ఏం రాయాలో చివర చెబుతాను. ఎందుకన్నది కూడా చెబుతాను, కానీ వరసలో చెప్పకపోతే నేను తప్పించుకుంటాను. నా సంగతి నాకు తెలుసు.

మీ ఉత్తరం మొన్న శనివారం అందింది. మీరు అడిగినవాటికి జవాబులు ఇవిగో. అమ్మ మోకాలు నొప్పి పగలు తగ్గిందట, ప్రార్థన కూటానికి వెళ్లాల్సినప్పుడు మాత్రం వస్తుందట. గేదె పెయ్యదూడనే వేసింది. మీ ఆపరేషను కుట్ల దగ్గర చీము లేదని రాశారు, సంతోషం, కానీ అన్నయ్య ఉత్తరంలో మీరు బియ్యం బస్తా జరపబోయారని ఉంది. డాక్టరు మూడు నెలలు ఏదీ లాగొద్దు, ఎత్తొద్దు అంటే మీ చెవికి మూడు రోజులని వినపడిందా? గంటకు కొత్త తాడు కట్టారు. మీ బదులు గంట కొడుతున్న చిన్నయ్యకు మీరు చెప్పినట్టే మూడో ముడి దగ్గర పట్టుకోమని, అంతకన్నా కిందికి లాగొద్దని చెప్పాను. సరే అక్కా అన్నాడు గానీ, పొలంలో చేయి తిరిగిన మనిషి, బలం ఎక్కువ, ఓపిక తక్కువ. వాడి భార్యకు ఏడో నెల.

గంట గది రోజూ ఊడుస్తున్నారా, గంట కొట్టాక కూడా ఊడవమని చిన్నయ్యకు చెప్పు అని రాశారే, దానికి ఇప్పుడు జవాబు రాయను.

నీ గాజు దారం ఏమంటోంది అని అడిగారు. బర్నబాస్ మాస్టారు మిమ్మల్ని అడిగితే మీరు సరిగా చెప్పలేకపోయానన్నారు కదా, ఇంకోసారి చెబుతాను. తొంభైలో తుఫానుకు మన గుడి గోపురానికి పడిన బీట ఉంది చూడండి, గంట గది గోడలో, నేలకు జానెడు పైన మొదలై పైకి పోయేది. గాజును వెంట్రుక కన్నా సన్నంగా సాగదీసిన దారాన్ని ఆ బీటకు అటూ ఇటూ అంటించాను. దాని పక్కనే ఇంకో దారం దేనికీ అంటించకుండా ఊరికే పెట్టాను. రెండింటిలోంచీ ఎర్రటి లేజరు వెలుగు పోతుంది. చివర రెండు వెలుగులూ కలుస్తాయి. బీట వెంట్రుక మందంలో నూరోవంతు తెరుచుకున్నా ఆ కలిసిన వెలుగు మారుతుంది, ఆ మార్పును ఒక పెన్ను కాగితం చుట్ట మీద గీతగా గీస్తుంది. అంతే. గోడ కదిలితే గీత కదులుతుంది.

చిక్కు ఏమిటంటే, అంత చిన్నది వినగల చెవికి అక్కర్లేనివన్నీ వినపడతాయి. రోడ్డు మీద బస్సు పోయినా, ఎండకు ఇటుక వేడెక్కినా, ఎవరైనా మెట్లెక్కినా గీత వణుకుతుంది. మా నాగభూషణరావు సారు భాషలో వీటన్నిటికీ ఒకటే పేరు, నాయిస్. చెవికి వినపడాల్సిన పనిలేదు, మనం అడగని కదలిక ఏదైనా నాయిసే. నాయిస్‌ను ఎంతవరకు ఓర్చుకుని ఈ దారం అసలు మాట చెప్పగలదు అన్నదే బాపట్లలో నా రెండేళ్ల పరిశోధన. ఓర్పు మీద పుస్తకం రాస్తున్న మనిషికి ఓర్పు ఎంత ఉందో మీకు ఇంకాసేపట్లో తెలుస్తుంది.

అక్టోబరులో మొదటిసారి గీత చూసి నేను ఏడ్చినంత పని చేశాను. కోడి గీకినట్టుంది. అప్పుడే పెద్దల దగ్గరకు వెళ్లి, వారానికి రెండు రోజులు, రెండేసి గంటలు గుడి చుట్టుపక్కల చప్పుడు లేకుండా చేయమని అడిగాను. అడిగినందుకు మన పేట చేసిన మర్యాద మీరూ చూశారు. గంట నాలుకకు అమ్మ పాత చీర ముక్క చుట్టింది మీరే. పిల్లల సండేస్కూలును కళ్లం దగ్గరికి మార్చారు. మన సంఘం కాకపోయినా వెంకట్రామయ్య గారు గుడి వెనక ఆయిలింజను ఆపేశారు, కాలవ చివరి భూమి, నీళ్లెక్కక పైరు ఎండుతున్నా సరే. అమ్మయితే గేటు దగ్గర పీట వేసుకుని కూర్చుంది.

"మిషను వింటంది, నోర్ముయ్యండి," అని దారిన పోయే గొర్రెల్ని కూడా కసిరేది.

ఎంత బాగా చూసుకున్నారంటే, నా గీత దారం పెట్టి కొట్టినట్టు తిన్నగా వచ్చింది. పన్నెండు వారాలు. ఆదివారం గంట కొట్టే ముందు మాత్రం మిషను ఆపేసేదాన్ని, ఆ అదురుకు పెన్ను కాగితం దాటి పోతుందని. మళ్లీ నడిపేటప్పుడు పెన్నును ఎప్పటికప్పుడు మధ్యకు తెచ్చి పెట్టేదాన్ని. మీకు తెలిసిందా నాన్నా ఏం చేశామో? గంట గోపురం పదిలంగా ఉందా అని తెలుసుకోవడానికి పన్నెండు వారాలు గంట మోగకుండా చూసి, మోగేటప్పుడు చూడకుండా, పదిలంగా ఉందని తేల్చాం. పులి కరుస్తుందో లేదో తెలుసుకోవడానికి దాని నోరు కట్టేసినట్టు. ఊరంతా మంచి మనసుతో కట్టింది. కట్టమని అడిగింది నేను.

జనవరి పన్నెండున కాగితం ఇచ్చాం. బీటలో కదలిక లేదు, గోపురం పదిలం అని. కింద నా సంతకం, పక్కన సారుది. బర్నబాస్ మాస్టారు దాన్ని గుడిలో చదివారు, జనం చప్పట్లు కొట్టారు, అమ్మ కొంగుతో మొహం కప్పుకుంది. జూబిలీ సంచికలో నా పేరు అచ్చయింది. మీరు ఆపరేషను మంచం మీద ఆ కబురు విని నర్సులకు మిఠాయి పంచారని వదిన రాసింది. ఆ మిఠాయి మాట గుర్తొస్తే ఇక్కడ బెంచీ మీద కూడా నాకు తల దించుకోవాలనిపిస్తోంది.

మూడు కావస్తోంది. రేపల్లె పాసెంజరు ఖాళీ పెట్టెలతో వెళ్లిపోయింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ, ఏంటమ్మా అంత రాస్తున్నావు, పరీక్షా అని అడిగింది. అవునండి అన్నాను.

మీ ఉత్తరంలో ఊడవడం గురించి రాసిన ఆ ఒక్క వాక్యం నన్ను పట్టుకుంది. ఎందుకు పట్టుకుందో అప్పుడు పూర్తిగా తెలియదు. ఆదివారం పొద్దున అందరికన్నా ముందు గుడికి వెళ్లాను. గంట గదిని నేనే శుభ్రంగా ఊడ్చాను. మిషను ఆపలేదు. చిన్నయ్యను పిలిచి, పన్నెండు దెబ్బలూ ఒకేసారి కొట్టొద్దు, ఒక్కో దెబ్బ కొట్టి నేను సరే అనేదాకా ఆగమన్నాను. వాడు ఆగాడు. బయట కోటమ్మ పెద్దమ్మ, "ఈడికి లెక్క రాదేంటి, మధ్య మధ్యలో నిద్రపోతన్నాడా," అనడం నాకు లోపలికి వినపడింది.

ఒక్కో దెబ్బకు పెన్ను పిచ్చిపట్టినట్టు ఊగింది. అది నాయిసే, అందులో సందేహం లేదు. నిమిషానికి అదురు తగ్గింది. గీత మళ్లీ తిన్నగా పడింది. కానీ పాత చోట పడలేదు. కాస్త పక్కన పడింది. రెండో దెబ్బకు ఇంకాస్త పక్కన. ఎప్పుడూ ఒకవైపే, బీట తెరుచుకునే వైపే. నాయిస్ అయితే అటూ ఇటూ ఊగి ఇంటికి వస్తుంది నాన్నా. ఇది వెళ్లింది, రాలేదు. పన్నెండు దెబ్బలకు బీట వెంట్రుకలో సగం తెరుచుకుంది. అదేమంత అని మీరనుకోవచ్చు. ఆరాధన అయిపోయాక ఇంటికొచ్చి స్కేలు పెట్టి కొలిచాను. మొదటి దెబ్బకు పక్కకు జరిగినంతకు పన్నెండో దెబ్బకు నాలుగు రెట్లు జరిగింది. అంటే ప్రతి దెబ్బా తర్వాతి దెబ్బకు దారి చేసి పెడుతోంది. డెబ్భై అయిదో దెబ్బకు ఎంత అన్నది లెక్క కట్టడానికి నాకు చేయి రాలేదు.

సోమవారం బాపట్ల వెళ్లి ఆ కాగితం చుట్టను సారు బల్ల మీద పరిచాను. ఆయన రెండుసార్లు కొలిచి, పక్కనే పెన్సిలుతో లెక్క కట్టి, కళ్లజోడు తీసి పెట్టారు. "డెబ్భై అయిదు దాకా ఆగదిది. ఆ గంట ఆపించు," అన్నారు. పాత కాగితం చెల్లదని అప్పటికప్పుడు పెద్దల పేరున ఉత్తరం రాసి సంతకం పెట్టారు. అప్పుడు నేను ఇంకొక సంగతి చెప్పాను. అదేమిటో మీకు ఇంకా చెప్పలేదు, చెబుతాను. సారు కోప్పడతారనుకున్నాను. కోప్పడలేదు. చేయి చాచి, "ల్యాబు తాళాలు ఇచ్చి వెళ్లమ్మా," అన్నారు. రెండేళ్లలో నన్ను అమ్మా అనడం అదే మొదలు. మద్రాసు సభలో చదవాల్సిన వ్యాసం బల్ల మీదే ఉంది. నేను తాళాలు దాని మీద పెట్టి వచ్చాను.

నిన్న సాయంత్రం బర్నబాస్ మాస్టారి వసారాలో పెద్దలు కూర్చున్నారు. సారు ఉత్తరం ఇచ్చాను, గీత చూపించాను. మాస్టారు రెండూ పక్కన పెట్టారు.

"అమ్మాయ్, పన్నెండో తారీకున పదిలంగా ఉందన్నావు. ఒకటో తారీకున పడిపోద్దంటన్నావు. ఈ ఇరవై రోజుల్లో ఏం జరిగింది? తుఫానొచ్చిందా?"

"లేదండి. అప్పుడు నేను రాసింది తప్పండి."

"అప్పుడూ ఈయనే సంతకం, ఇప్పుడూ ఈయనే సంతకం. రేపు మూడో కాగితం తెస్తే అది నమ్మాలా? బిషప్పు గారికి కార్డులు పోయినయ్యి. నలభై మంది పిల్లలు గోపురం గుమ్మంలో నిలబడి పాట పాడటానికి నెల్లాళ్ల నుంచి నేర్చుకుంటన్నారు. గంట లేకుండా జూబిలీ ఏంటి?"

నలభై మంది పిల్లలు సరిగ్గా ఎక్కడ నిలబడతారో విన్నారుగా. కాళ్లావేళ్లా పడ్డాను. నా కోపం సంగతి తెలుసుగా, నాలుగు మాటలు ఎక్కువే అన్నాను. మాస్టారు విసుక్కోలేదు. నెమ్మదిగానే అన్నారు.

"నీకు చదువుంది, కాదన్ను. కానీ మీ నాన్న ఆదాము ముప్పయ్యారేళ్లు ఆ గంట కింద నిలబడ్డాడు. ఆయనకి తెలియంది నీ గాజు దారానికి తెలుసా? ఆయన ఒక్క మాట చెప్పమను, కొట్టొద్దని. ఈ క్షణంలో గంట దింపిస్తా. ఆయన చెప్పకపోతే శనివారం సాయంత్రం రిహార్సలు, ఆదివారం డెబ్భై అయిదు."

చిన్నయ్య వసారా మెట్ల మీద కూర్చుని విన్నాడు. బయటికొచ్చాక వాడి చేయి పట్టుకుని, నువ్వయినా కొట్టనని చెప్పరా అన్నాను.

"నేను కాదంటే ఇంకొకడు పట్టుకుంటాడక్కా. మామ నా చేతిలో పెట్టిపోయాడు తాడు. ఆయనొచ్చి తీసుకోవాల," అన్నాడు.

ఇంటికొచ్చి అమ్మకు చెబితే, కొడవలి తీసుకుపోయి తాడు కోసేసొస్తానంది. రేపల్లె బజార్లో తాడు కొనడానికి పది నిమిషాలు చాలు, నువ్వు జైల్లో కూర్చుంటావు అన్నాను. అయితే నేను పోయి దాని కింద కూర్చుంటా, ఎట్టా కొడతారో చూస్తా అంది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. అమ్మ నిజంగానే కూర్చుంటుంది.

ఇప్పుడు ఆ ఇంకొక సంగతి. మూడున్నర దాటింది, ఇక దాటేయడానికి లేదు.

క్రిస్మస్ ముందు రోజు సాయంత్రం మిషను ఆపడం మర్చిపోయాను. రాత్రంతా నడిచింది. క్రిస్మస్ పొద్దున మీరు గంట కొట్టారు, ఇంకా ఆపరేషనుకు వెళ్లలేదుగా. ఆరాధన అయ్యాక చుట్ట విప్పి ఇంటికి తెచ్చి చూస్తే, నాలుగంగుళాల మేర కోడి గీతలు. దాని తర్వాత గీత తిన్నగానే ఉంది, కానీ పక్కకు జరిగి ఉంది. అప్పుడే చూశాను నాన్నా. చూడలేదని అబద్ధమాడను. ఎందుకు జరిగిందా అని ఒక్క నిమిషం అనుకున్నాను కూడా. గంట అదురుకు పెన్ను జారి ఉంటుందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. కత్తెర తీసుకుని ఆ నాలుగంగుళాలు కత్తిరించి, పాత గీతకు కొత్త గీతను సరిగ్గా ఎదురుగా పెట్టి వెనక గమ్ము కాగితం అంటించాను. అతుకు కనపడలేదు. సారు కూడా కనిపెట్టలేదు. ఆ ముక్కను పారేయడానికి చేయి రాక నా బైబిల్లో పెట్టాను. పన్నెండున సంతకం పెట్టినప్పుడు ఆ ముక్క అక్కడ ఉందని నాకు తెలుసు.

మీ గంట ఆగిపోతుందని భయపడి చేశాను, మీ మీద ప్రేమతో చేశాను అని రాస్తే బాగుంటుంది. రాద్దామనుకున్నాను కూడా. కానీ అది కాదు. నా గీత అందంగా ఉండాలని చేశాను. మద్రాసులో చూపించాలని చేశాను. జనవరి నుంచి ప్రతి ఆదివారం మన చిన్నయ్యను నేను ఆ గోడ కింద నిలబెట్టాను, ఏమీ తెలియకుండా కాదు.

ఇది రాశాక కాస్త ఊపిరి ఆడుతోంది. కానీ ఉత్తరం ఇంకా అయిపోలేదు, ఎందుకంటే అదే క్రిస్మస్ పొద్దున ఇంకొకటి కూడా జరిగింది. నేను లోపల మంచం మీద చుట్ట పరుచుకుని కూర్చున్నాను. మీరు గంట కొట్టొచ్చి అరుగు మీద నిలబడి కండువా దులుపుకుంటున్నారు. కొత్త చొక్కా భుజం మీద తెల్లగా ఉంది. అమ్మ, "ఏంటా పొడి," అని అడిగింది. మీరు, "పావురాలు," అన్నారు. నేను విన్నాను. మన గోపురంలో పావురాలు ఎక్కడున్నాయి నాన్నా? తుఫానుకు పోయినవి మళ్లీ రాలేదని ప్రతి వానాకాలం మీరే అంటారు. కానీ నా చేతిలో కత్తెర ఉంది, నాకు తీరిక లేదు.

గంట గది ఊడుస్తున్నారా అని మీరు రాసేదాకా ఆ పావురాలు నాకు గుర్తు రాలేదు. రోజూ ఊడవమన్నారు, కొట్టాక కూడా ఊడవమన్నారు, మూడో ముడి దాటి లాగొద్దన్నారు, చిన్నయ్యకు చేయి తిరగలేదు, జూబిలీకి నేనే వచ్చి కొడతాను, అమ్మకు చెప్పొద్దు అన్నారు. మొదటిసారి చదివినప్పుడు, గంట మీద మోజు, ముసలాయనకు కుట్లు ఆరకముందే తాడు కావాలి అని విసుక్కున్నాను. రెండోసారి చదివాక బోధపడింది. మీకు తెలుసు. ఎన్నేళ్ల నుంచో తెలుసు. ప్రతి ఆదివారం భుజం మీద పడ్డదాన్ని దులిపేసి, నేల మీద పడ్డదాన్ని ఊడ్చేసి ఇంటికొచ్చారు. చెబితే గంట దింపేస్తారని చెప్పలేదు. మీరు గంట మోజుతో రావడం లేదు. వాడి భార్యకు ఏడో నెల కాబట్టి, చిన్నయ్యను అక్కడ నిలబెట్టడానికి మనసొప్పక, ఆ డెబ్భై అయిదు దెబ్బల కింద మీరే నిలబడదామని వస్తున్నారు.

మీ చేయి పడితే గోడ వింటుందని అనుకుంటున్నారు. ముప్పయ్యారేళ్లు విన్నది, నిజమే. ఇక వినదు. గీతలో చూశాను. మీరు ఎంత మెల్లగా లాగినా గంట బరువు గంటదే.

మీ మీద నాకు కోపంగా ఉంది నాన్నా. నా మీద కూడా. ఇద్దరిలో ఎవరి మీద ఎక్కువో తేల్చుకోవడానికి ఆదివారం తర్వాత బోలెడంత టైముంది. నన్ను ఎవరూ నమ్మరు, నమ్మకపోవడం న్యాయమే. మిమ్మల్ని నమ్ముతారు. నేను దాచింది నేను నిన్న వసారాలో చెప్పేశాను. బైబిల్లోంచి ఆ ముక్క తీసి మాస్టారి ముందు పెట్టాను, ఎక్కడ అతికించానో చూపించాను. ఆయన దాన్ని చాలాసేపు చూసి తిరిగి నాకే ఇచ్చేశారు. ఇక మిగిలింది మీరు దాచింది.

టెలిగ్రాం ఇలా ఇవ్వండి. గంట కొట్టొద్దు, సున్నం రాలుతోంది, నాకు ముందే తెలుసు, ఆదాము. ముందే తెలుసు అన్న మాట తీసేయకండి. అది లేకపోతే, కూతురు ఏడ్చి బతిమాలితే రాశాడనుకుంటారు. అది రాస్తే మన పేటలో మీ పరువు ఏమవుతుందో నాకు తెలుసు. గంట ఆదాము అన్న పేరు ఏమవుతుందో కూడా తెలుసు. తెలిసే అడుగుతున్నాను. శుక్రవారం సాయంత్రం దాకా చెరుకుపల్లి పోస్టాఫీసు మెట్ల మీద కూర్చుంటాను. టెలిగ్రాం రాకపోతే శనివారం రిహార్సలుకు అమ్మ పక్కన నేను కూడా గంట గదిలో పీట వేసుకుంటాను. బెదిరింపు అనుకుంటే అనుకోండి.

పూర్ణచంద్రరావు గారు వచ్చారు, సంచులు ఎక్కిస్తున్నారు, చేయి ఊపుతున్నారు.

ఊడవడం గురించి అడిగారుగా. ఆదివారం పొద్దున శుభ్రంగా ఊడ్చిన నేల మీద, పన్నెండు దెబ్బలు అయ్యాక చీపురు పట్టలేదు. మోకాళ్ల మీద కూర్చుని పోస్టుకార్డుతో ఎత్తాను. పొట్లం ఇప్పుడు విప్పండి. పన్నెండు దెబ్బలకు రాలింది ఇది. నాన్నా, ఈసారి దులిపేయకండి.

ఇట్లు,
మీరు మిఠాయి పంచిన కూతురు,
ప్రేమకుమారి